చివరి మనిషి వెనకాల

నేను ఆగితే ఆగుతున్నాడు. నడిస్తే నడుస్తున్నాడు. పై జలపాతం దగ్గర మొదలై అర మైలు పొడుగునా ఇదే వరస. ఒకచోట కావాలనే వంగి, బాగానే ఉన్న బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. ఓరగా వెనక్కి చూస్తే, ఇరవై అడుగుల దూరంలో ఇనుప కమ్మీకి నడుం ఆనించి, నదిని చూస్తున్నట్టు నటిస్తున్నాడు. ఆ నటన కూడా రాలేదు పాపం. నదిని చూసేవాడి కళ్ళు నీళ్ళ మీద ఉండాలి కదా, అతని కళ్ళు నా మడమల మీద ఉన్నాయి.

డెబ్భై రెండేళ్ళవాణ్ణి వెంబడించి ఎవరికేం ఒరుగుతుంది? నా సంచిలో ఉన్నవి ఒక తువ్వాలు, సగం తిన్న రొట్టె, అట్ట ఊడిపోయిన పుస్తకం, మోకాళ్ళకి రాసుకునే తైలం. దొంగే అయితే మోసపోయేది అతనే. అయినా అడవిదారిలో అడుగుల చప్పుడు వెనకబడితే చదువుకున్న చదువంతా ఎటో పోతుంది. గొంతు కాస్త పెంచి అడిగాను.

"ఏమయ్యా, ఏం కావాలి?"

"ఏం వద్దండీ. మీరు నడవండి."

"నువ్వు ముందు పో. దారి ఇస్తాను."

"నేను ముందుకి పోకూడదండీ."

"ఏం, ఎందుకు పోకూడదు?"

"మీరే చివర కాబట్టి" అన్నాడు, పొద్దున తూర్పున తెల్లవారుతుందన్నంత మామూలుగా.

దగ్గరికి రమ్మన్నాను. వచ్చాడు. యాభై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయి. మోచేతుల దగ్గర రంగు వెలిసిన ఖాకీ చొక్కా, మెడలో ఈల, చేతిలో కొన దగ్గర ఇనుప తొడుగు వేసిన కర్ర. భుజానికి ఒక గుడ్డసంచి, అందులోంచి ఖాళీ నీళ్ళ సీసాలు, ఎవరో పారేసుకున్న పిల్లల టోపీ ఒకటి తొంగిచూస్తున్నాయి. ఎడమ మోకాలికి పట్టీ. ముఖం మాత్రం ఏమంత గుర్తుండే ముఖం కాదు. అలిసిపోయిన ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి.

నది మూడు చోట్ల కొండ మీంచి దూకే ఆ ఉద్యానవనంలో దారి ఒక్కటే. గేటు దగ్గర బస్సెక్కితే పై జలపాతం దగ్గర దింపేస్తుంది. అక్కణ్ణుంచి నది పక్కనే నడుస్తూ, నాలుగు వంతెనలు దాటి, ఆరువందల నలభై మెట్లు దిగి, గేటు పక్కనే గుడారాలు వేసుకునే మైదానానికి రావాలి. ఆఖరి బస్సు మూడింటికి పైకి వస్తుంది. అందులోంచి దిగినవాళ్ళందరూ నడక మొదలుపెట్టాక, వాళ్ళందరి వెనకా ఇతను బయల్దేరతాడు. ఎవరినీ దాటడు. ఒక్కో వంతెన దాటాక మూడుసార్లు ఈల వేసి, నూరు లెక్కపెట్టి, ఎవరూ పలకకపోతే దానికి గొలుసు వేసేస్తాడు. ఆఖరి మనిషి గేటు దాటాక రిజిస్టరులో 'దారి ఖాళీ' అని రాసి సంతకం పెడతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఉద్యోగం. అక్కడివాళ్ళు అతన్ని తోకాయన అంటారు. అతనూ పలుకుతాడు.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పేయాలి. కథలు చెప్పేవాళ్ళు ఇలాంటివి కడుపులో దాచుకుని ఆఖర్న బయటపెడతారు, నాకు అంత ఓపిక లేదు. తోకాయనకి ఆ సాయంత్రం అయిదున్నరలోపు గేటు పక్కనున్న ఆఫీసులో ఉండాల్సిన అవసరం ఉంది. గేటు దగ్గర టిక్కెట్లు ఇచ్చే గదిలో కుర్చీ ఒకటి ఖాళీ అవుతోంది. కూర్చుని చేసే ఉద్యోగం. మెట్లు దిగొద్దని డాక్టరు రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఆ కుర్చీకి అర్హులు ఇద్దరు, ఇతనూ, కింది మడుగులో పడవల కాపలా కాసే అతనూ. ఎవరికివ్వాలో తేల్చలేక, సిఫార్సులు వినీ వినీ విసుగెత్తిన ఉద్యానవనం పెద్దసారు ఆ మధ్యాహ్నమే తేల్చేశాడు: సాయంత్రం డ్యూటీ దిగి ముందు ఎవరొచ్చి సంతకం పెడితే కుర్చీ వాళ్ళది, రేపు తను ఊళ్ళో ఉండడు, మళ్ళీ ఈ మాట ఎత్తితే ఊరుకోడు. పడవలాయన ఆఖరి పడవ కట్టేసరికి అయిదూ నలభై అవుతుంది. తోకాయన మామూలుగా అయిదింటికల్లా గేటు దగ్గర ఉంటాడు. అంటే కుర్చీ అతని చేతిలో పడ్డట్టే, ముందున్నవాడు మామూలు మనిషైతే.

ముందున్నది నేను. ఈ సంగతులేవీ నాకప్పుడు తెలియవు.

తెలియదు గనక ఏం చేశానో కూడా చెబుతాను. మొదటి వంతెనకి ముందు ఒక బండ మీద జనం తమ పేర్లు చెక్కారు. వాటిని ఒక్కొక్కటే చదివాను. ఒక జంట పేర్లు రెండు చోట్ల ఉన్నాయి, రెండోచోట అమ్మాయి పేరు మారింది. దాని మీద కాసేపు ఆలోచించాను. తర్వాత నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను, ఇరవై నిమిషాలు. చలికాలం నీళ్ళు, అరికాళ్ళ మంట చల్లారుతుంటే లేవబుద్ధి కాలేదు. తోకాయన నా వెనక నిలబడే ఉన్నాడు. "కూర్చోవయ్యా" అంటే, "కూర్చుంటే లేవలేనండీ" అన్నాడు. నేను యౌవనంలో చూసిన ఇంకో నది గురించి ఒక పెద్ద కథ ఎత్తుకున్నాను. అతను మధ్య మధ్య చేతి గడియారం చూసుకుంటూ ఊఁ కొట్టాడు. కథ మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను.

మేం కూర్చుని ఉండగానే కాస్త దిగువనున్న బండ మీంచి లేచి ఒక కొత్త జంట పోట్లాడుకుంటూ దిగిపోయింది. వాళ్ళు అంతదాకా అక్కడ ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయారు. అబ్బాయి ముందు, అమ్మాయి వెనక, మధ్యలో వాళ్ళ మాట నలిగిపోతోంది. తోకాయన వాళ్ళకి దూరం ఇచ్చి, వాళ్ళు మలుపు తిరిగాక అన్నాడు:

"బస్సులో ఎక్కేటప్పుడు ఎవరూ పోట్లాడుకోరండీ, పక్కన జనం ఉంటారు. దిగేటప్పుడే అన్నీ బయటికొస్తాయి. పెళ్ళి ఖర్చులు, అత్తగారి మాటలు, పోయినేడాది ఎవరు ఎవరికి ఫోను చెయ్యలేదు, అన్నీ. నేను వినకూడదనుకుంటాను. చెవులకి గొలుసు లేదు కదండీ."

"ఇరవై ఆరేళ్ళు విన్నావంటే నువ్వే ఓ గ్రంథం రాయొచ్చు."

"రాస్తే నన్ను తంతారు. అందరూ మళ్ళీ వచ్చేవాళ్ళే."

అతనికి ముఖాలు గుర్తుండవట. వెనకనుంచే చూస్తాడు కదా. భుజాలు, నడుము, మడమలు, సంచి మోసే తీరు, ఇవే గుర్తుంటాయి. ఒకసారి ఎవరో పెద్దమనిషి సంతలో ఎదురుపడి, "ఏమయ్యా తోకాయనా, బావున్నావా? నేనయ్యా!" అన్నాడట. ఎంత చూసినా తెలియలేదు. "ఏమనుకోకపోతే ఒక్కసారి అటు తిరగండి సార్" అన్నాడట ఇతను. ఆయన తిరిగాడు. "ఆఁ, మీరా సార్! కిందటి వానాకాలం రెండో వంతెన మీద కాలు బెణికింది మీదే కదూ!"

ఈ కథ చెప్పి తను నవ్వలేదు. నేను నవ్వుతుంటే ఓపిగ్గా ఆగాడు. తర్వాత మొదటి వంతెన దాటి, మూడు ఈలలు వేసి, పెదాలు కదుపుతూ నూరు లెక్కపెట్టి, గొలుసు తగిలించాడు. అరవై దగ్గర ఆపినా అడిగేవాడు లేడు. ఆపలేదు.

పుస్తకాల మీద నాకున్న కోపాల్లో ఇదొకటి. యాత్రల గురించి నేను చదివినవి ఒక బీరువాకి సరిపోతాయి. కొండ ఎవరు ముందు ఎక్కారు, ఎడారి ఎవరు ముందు దాటారు, అన్నీ ఉంటాయి. గుంపులో ఆఖర్న నడిచిందెవరో, పడిపోయిన చెంబునీ పడిపోయిన మనిషినీ ఎత్తుకొచ్చిందెవరో ఒక్కడూ రాయడు. ఆఖరివాడు చేరితేనే కదా ఆ యాత్ర అయినట్టు! అలా గొణుక్కుంటూ నడుస్తుంటే వెనకనుంచి "మెట్టండీ" అని వినపడింది. నిజంగానే మెట్టు.

అడగ్గా అడగ్గా తన సంగతి చెప్పాడు. ఈ మెట్లు వేసేటప్పుడు రాళ్ళు మోయడానికి వచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు. మెట్లు పూర్తయిన రోజున అప్పటి పెద్దసారు కూలీలందరినీ పైనుంచి కిందికి నడిచి రమ్మన్నాడట, గట్టిదనం చూడ్డానికి. కింద భోజనాలు పెట్టించాడు గనక అందరూ పరుగులు. ఇతను మాత్రం గంటన్నర ఆలస్యంగా దిగాడు. చేతిలో ఎవరిదో దువ్వెన, రెండు సుత్తులు, ఒక చెప్పు. దారిలో ఎవరెవరు పారేసుకున్నవో ఏరుకుంటూ వచ్చాడు. అప్పటికి అన్నం అడుగంటింది. పెద్దసారు అతన్ని చూసి, "వీడే" అన్నాడట. అదే నియామకం.

"మిగతావాళ్ళు ఏడిపించేవాళ్ళండీ. ఆకలి లేనివాడికి ఉద్యోగం వచ్చిందని."

"ఆకలి లేదా మరి?"

"ఎందుకుండదు! చెప్పు ఎవరిదో తెలియక ఆగిపోయాను."

పొద్దున ఆరింటికి అతని పని మొదలు. తీగల బ్రష్షుతో మెట్ల మీద నాచు గీకుతాడు, తడి చోట్ల ఇసుక చల్లుతాడు, కమ్మీల బోల్టులు బిగిస్తాడు. మధ్యాహ్నం తిండి తిని, బస్సెక్కి పైకొస్తాడు. మూడింటికి దిగడం మొదలు. మోకాలిచిప్పల కింద గుజ్జు అరిగిపోయి, దిగే ప్రతి మెట్టుకీ లోపల ఏదో ఒరుసుకున్నట్టు ఉంటుందట. డాక్టరు మొదటిసారి చూసినప్పుడు "ఏం పని చేస్తావు?" అని అడిగాడు.

"దిగుతానండీ అన్నాను. ఏంటీ అన్నాడు. రోజూ దిగుతానండీ, అదే పని అన్నాను. మరి ఎక్కడం? అన్నాడు. ఎక్కడానికి బస్సుందండీ అన్నాను. ఆయన కలం కింద పెట్టేసి నన్నే చూశాడు. ఎక్కితే బాగుపడేవి కూడా దిగితే చెడిపోతాయట మోకాళ్ళు."

రెండో వంతెన దాటేసరికి నాలుగూ ముప్పావు. మళ్ళీ మూడు ఈలలు, మళ్ళీ నూరు. మధ్య జలపాతం ముందు ఒక చప్టా ఉంది. ఆ లోయ మొత్తంలో ఫోను పలికేది అక్కడే. మేం అక్కడికి చేరామో లేదో అతని జేబులో ఫోను మోగింది. నీళ్ళ హోరు మీద వినపడాలని అవతలి మనిషి అరుస్తోంది గనక నాకు ప్రతి మాటా వినపడింది. ఆవిడ అతని భార్య. గుడారాల్లో ఇచ్చే దుప్పట్లు ఉతికి ఆరేసే పని ఆవిడది.

"ఎక్కడున్నావయ్యా?"

"మధ్య జలపాతం దగ్గర."

"ఇంకా మధ్యలోనేనా! ఇక్కడ పడవలాయన నాలుగు పడవలు కట్టేశాడు, ఇంకొక్కటే తిరుగుతోంది. అందులోవాళ్ళని చేతులూపి మరీ రమ్మంటున్నాడు. నీకేమైనా పడుతోందా?"

"ముందొక పెద్దాయన ఉన్నాడే."

"ఎంత పెద్దాయన?"

తోకాయన నా వీపు వైపు చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా వినపడింది. "బాగా పెద్దాయన."

"ఎత్తుకుని తీసుకురా అయితే!"

"నా మోకాళ్ళు నన్నే మొయ్యట్లేదు, ఇంకా ఆయన్నా!"

"రెండేళ్ళ నుంచీ రాత్రిళ్ళు ఆ కాళ్ళు పట్టేది నేనయ్యా. పెద్దసారు ముందొచ్చినవాడికే ఇస్తానంటే నాకు అప్పుడే తెలుసు. ముందు రావడమంటే ఏంటో తెలియని మనిషికి పెట్టిన పరీక్ష అది. ఇవాళ ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ముందు రావయ్యా."

ఫోను కట్ అయింది. అతను దాన్ని చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమిటా పరీక్ష అని నేను అడిగాను. దాటవేయబోయాడు, వదల్లేదు. కుర్చీ సంగతి, పెద్దసారు సంగతి, పడవలాయన సంగతి, అప్పుడు బయటపడ్డాయి. నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చెప్పిన కథ గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మొదటే చెప్పొచ్చు కదయ్యా నాకు!"

"చెబితే తొందరపడతారు. తొందరపడితే పడతారు. పడితే మోసుకెళ్ళడానికి మనుషులు రావాలి, అది ఇంకా ఆలస్యం."

నేను నడక పెంచాను. పెంచానని నేను అనుకున్నాను. పది మెట్లకే ఒక బూటు జారి కమ్మీ పట్టుకున్నాను. వెనకనుంచి, "చూశారా" అన్నాడు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ చూసి దిగాను. నది పక్కనే ఉంది, కిందికి దూకి దూకి విసిగినట్టు ఆ భాగంలో చప్పుడు లేకుండా పారుతోంది. నాకు వినపడుతున్నదల్లా అతని కర్ర కొన రాతి మీద పడే టక్కు, దాని వెంటనే ఎడమ కాలు దింపేటప్పుడు పళ్ళ మధ్యనుంచి పీల్చే గాలి. అంతకుముందు కూడా ఆ చప్పుడు ఉండే ఉంటుంది. నా కథల్లో నేనుండి వినలేదు.

అతని భార్య గురించి ఒక మాట చెప్పాలి, అతను చెప్పిందే. ఆవిడతో బజారుకి వెళ్ళినా అలవాటు కొద్దీ వెనకే నడుస్తాడట. ఒకసారి కూరగాయల దగ్గర ఎవరో మంచాయన అనుమానపడి, ఇతని కాలరు పట్టుకుని ఆవిడ ముందుకి లాక్కెళ్ళాడు. "అమ్మా, వీడు ఇందాకట్నుంచీ మీ వెనక పడుతున్నాడు, తెలుసా?" ఆవిడ బెండకాయలు విరిచి చూస్తూ తల కూడా ఎత్తలేదట. "పాతికేళ్ళుగా పడుతున్నాడు బాబూ. వదిలెయ్యండి, అలవాటైపోయింది."

మూడో వంతెన దగ్గరికి అయిదుంబావుకి చేరాం. గొలుసు వేయడం అయ్యాక చూశాను, అక్కడ దారి రెండుగా చీలుతోంది. ఒకటి మెట్లమీదుగా గేటుకి. ఇంకోటి చదునైన మట్టిబాట, సామాన్లు తెచ్చే తోపుడుబండి కోసం వేసింది. 'సిబ్బందికి మాత్రమే' అని బోర్డు.

"ఇదెక్కడికి పోతుంది?"

"ఆఫీసు వెనక్కి."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"అయితే పో! ఇంకా టైముంది. నేను ఈ మెట్లు దిగి నెమ్మదిగా వస్తాను. నలభై ఏళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నవాణ్ణి, రెండువందల మెట్లు దిగలేనా?"

"రెండువందల పదండీ."

"పోవయ్యా బాబూ! మీ ఆవిడ మాట విన్నావు కదా?"

అతను నిలబడిపోయాడు. గడియారం చూశాడు, మెట్లు చూశాడు, నన్ను చూశాడు. ఈసారి ముఖమే చూశాడు. గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు అనిపించింది.

"ఎడమ పక్కనే నడవండి. ఎడమ చెయ్యి కొండకి ఆనించి ఉంచండి. తియ్యొద్దు."

"తియ్యను."

"నాలుగో వంతెన దగ్గర ఆగండి. సంతకం పెట్టి ఎదురొస్తాను."

"సరేనయ్యా, పో!"

వెళ్ళాడు. మట్టిబాట మీద చదునుగా నడుస్తుంటే కుంటు కూడా అంతగా తెలియలేదు. మలుపు తిరిగేదాకా చూసి, నేను మెట్ల వైపు తిరిగాను.

చాలా ఏళ్ళుగా ఒంటరిగా తిరుగుతున్నాను. ఒంటరితనానికి భయపడ్డవాణ్ణి కాను. కానీ ఆ మెట్ల మీద వెనక ఎవరూ లేకపోవడం ఎందుకో వీపుకి చల్లగా తగిలింది. రెండు గంటలే కదా అతను నా వెనక నడిచింది! ఎడమ చెయ్యి కొండకి ఆనించాను. కొంతదూరం ఆనించే ఉంచాను. తర్వాత నీటిపిట్ట ఒకటి, ఒళ్ళంతా నీలం, మడుగు మీంచి గీత గీసినట్టు పోతే అటు చూశాను. అరవై మెట్లు దిగి ఉంటాను. వెనకనుంచి టక్కుమని కర్ర చప్పుడు.

"ఎడమకి రండి" అన్నాడు.

తిరిగి చూశాను. ముఖమంతా చెమట. ఎగశ్వాస. మట్టిబాట మీద సగం దూరం పోయి, అంత దూరమూ పరుగున వెనక్కొచ్చినట్టున్నాడు.

"నీకేమైనా మతి పోయిందా? ఎందుకొచ్చావు?"

"మీ కుడి బూటు బయటి అంచు అరిగిపోయింది. మూడింటి నుంచీ చూస్తున్నాను. పదేసి అడుగులకి ఒకసారి కుడి పక్కకి జరుగుతున్నారు. మీకు తెలియట్లేదు." కర్రతో చూపించాడు. నా కుడి పక్క, నా బూటుకి జానెడు దూరంలో మెట్టు అంచు. అంచు తర్వాత ఏమీ లేదు. చాలా కిందుగా, నల్లటి బండల మధ్య నీళ్ళు తిరుగుతున్నాయి. "పోయిన వానలకి ఈ పక్క కమ్మీ కొట్టుకుపోయింది. కొత్తది ఇంకా రాలేదు."

"నలభై ఏళ్ళుగా ఇలాగే నడుస్తున్నానయ్యా..."

"నలభై ఏళ్ళుగా అరిగిందండీ" అన్నాడు.

నేను ఎడమకి జరిగాను. రెండు గంటలుగా అతను లోపల అణుచుకున్నదంతా అప్పుడు తన్నుకొచ్చింది.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ జలపాతాలు? నీళ్ళు ఎక్కడైనా కిందికే పడతాయి కదా! ఫోటోలు దొరుకుతాయి, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు కదా! ఇంట్లో కుర్చీ ఉంటుంది కదా మీకు!"

కొండకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇప్పుడైనా పో. ఇక్కడే కూర్చుంటాను, కదలను. నువ్వొచ్చేదాకా అంగుళం కదిలితే ఒట్టు."

అతను గడియారం చూశాడు. అయిదూ ముప్ఫై అయిదు. ఆ చేతిని నెమ్మదిగా కిందికి దింపేశాడు.

"నడవండి" అన్నాడు. "ఎడమకి."

నడిచాను. ఆ మిగతా నూటయాభై మెట్లూ నా జీవితంలో అన్నిటికంటే జాగ్రత్తగా దిగిన మెట్లు. అందుకే అన్నిటికంటే నెమ్మదిగా కూడా దిగాను. కింది మడుగులో ఎక్కడో గొలుసు రాయికి తగిలిన చప్పుడైంది. పడవ కట్టేస్తున్నారు. ఇద్దరికీ వినపడింది. నాలుగో వంతెన దాటాక కూడా అతను మూడు ఈలలు వేశాడు. మా వెనక మిగిలినవి కోతులూ కొండా మాత్రమేనని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నూరూ లెక్కపెట్టాడు.

గేటు చేరేసరికి ఆరూ అయిదు. మైదానంలో గుడారాల దగ్గర పొయ్యిలు వెలిగిస్తున్నారు, ఎవరో పిల్లలు బంతాడుతున్నారు. టిక్కెట్టు గదిలో ఒక పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కిటికీ తలుపు మూస్తోంది. కుర్చీ ఆవిడదే. ఇంకో వారంలో దిగిపోతోంది. ఇతన్ని చూడగానే తలుపు సగంలో ఆపేసింది.

"ఇదా రావడం తమ్ముడూ?"

"అయిపోయిందా అక్కా?"

"అయిదూ నలభై రెండుకి సంతకం పెట్టేశాడు. కాళ్ళు తడి ఆరకుండానే వచ్చాడు, ఆఫీసంతా బురద." ఆవిడ గొంతు తగ్గించింది. "పెద్దసారు నీ గురించి అడిగాడయ్యా. వస్తున్నాడు సార్, వంపు దగ్గరికి వచ్చేశాడు సార్ అని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. ఎన్నిసార్లని చెప్పను? ఆయన కలానికి మూత పెట్టేసి జీపెక్కాడు."

"పోనీలే అక్కా."

"ఏం పోనీ! నీ మొహం పోనీ! వాడొచ్చి అప్పుడే నా కుర్చీలో కూర్చుని చూశాడు. దిండు గట్టిగా ఉందట." ఆవిడకి కళ్ళు తడిశాయి, కోపమో మరొకటో. "ఇంతకీ ఎవరట, నిన్ను ఇంతసేపు నిలబెట్టింది?"

తోకాయన నా వైపు చూడలేదు. "ఎవరో ఒకరు అక్కా. రోజూ ఎవరో ఒకరు ఉంటారు కదా."

"వాడికి ఎన్నేళ్ళో తెలుసా? నలభై ఆరు. వాడు దిగేది ఇంకా పన్నెండేళ్ళకి."

"నేను అంతకంటే ముందే దిగిపోతాలే" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. రిజిస్టరు కిటికీలోంచి తోసింది. అతను వంగి రాశాడు: దారి ఖాళీ, 6.05. కింద సంతకం. సంచిలోంచి పిల్లల టోపీ తీసి గట్టు మీద పెట్టాడు. ఖాళీ సీసాలు బుట్టలో పడేశాడు. కర్ర గోడకి ఆనించాడు. అన్నీ వాటి వాటి చోట్ల పెట్టాక, కొళాయి పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుని, పట్టీ విప్పి, మోకాలి మీద నీళ్ళు పోసుకున్నాడు. మోకాలు వాచి నున్నగా, వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది.

నేను వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. సంచిలోంచి తైలం సీసా తీసిచ్చాను. తీసుకుని, వాసన చూసి, "ఇది నేనూ వాడానండీ, పని చెయ్యదు" అని తిరిగిచ్చాడు.

"తప్పు నాది. ఎల్లుండి దాకా ఇక్కడే గుడారంలో ఉంటాను. మీ పెద్దసారు రాగానే నేనే వెళ్ళి చెబుతాను. ఇదుగో, ఈ ముసలాడి వల్ల ఆలస్యమైంది, అతని తప్పేం లేదని రాసి కూడా ఇస్తాను. నా మాట వింటాడు. ఇంత వయసు మనిషి చెబితే వినడా?"

"రేపు మూడింటి బస్సుకి మళ్ళీ పైకి వస్తారా?" అని అడిగాడు.

"రాను."

"బతికించారు" అన్నాడు.

వెటకారం లేదు అందులో. నిజంగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. రేపు మూడింటికి పైన నిలబడేది తనే కదా. పట్టీ పిండి, మళ్ళీ మోకాలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మైదానం అవతల తాళ్ళ మీద దుప్పట్లు వరసగా ఆరుతున్నాయి. వాటి మధ్య ఒకావిడ, చంక నిండా మడతపెట్టిన దుప్పట్లతో, మా వైపే చూస్తూ నిలబడి ఉంది. ఇంత దూరం నుంచే తెలిసిపోయినట్టుంది.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. నాకు అదొక జబ్బు. న్యాయమంటే ముందొచ్చినవాడికి ఇవ్వడం కాదన్నాను. ఇలాంటి ఉద్యోగానికి ఇరవై ఆరేళ్ళు చేసినవాణ్ణి పిలిచి కూర్చోబెట్టాలన్నాను. ఆ రెండో మనిషికైనా మనసుంటుంది కదా, అతనితో నేను మాట్లాడి చూస్తాను, పడవల పని కూర్చుని చేసేదే కదా, కనీసం అదైనా నీకు ఇప్పించమని అడుగుతాను, ఏమంటావు అని...

అతను లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. నన్ను దాటి, దుప్పట్ల తాళ్ళ వైపు నడిచాడు. గుడారంలోంచి ఎవరో "మంచినీళ్ళు ఎక్కడ, అన్నా?" అని కేకేస్తే, ఆగకుండానే చెయ్యెత్తి కొళాయి చూపించాడు. నా మాట ఇంకా నోట్లోనే ఉంది. ఆవిడ దుప్పట్లలో సగం తీసి అతని చేతుల్లో పెట్టింది. ఇద్దరూ వెళ్ళిపోయారు.